కొట్టు పెట్టుకున్న తాతయ్య

ఏటా జూలై నెల నాలుగో ఆదివారం నాడు కథోలిక శ్రీసభ తాతయ్యల కోసం, నాయనమ్మల కోసం, అమ్మమ్మల కోసం ప్రత్యేకంగా ప్రార్థిస్తుంది. ఇదేమీ తరాల నాటి ఆనవాయితీ కాదు. 2021లో పోపు ఫ్రాన్సిస్ గారు మొదలుపెట్టారు. జూలై 26న వచ్చే పునీత జ్వాకీము, అన్నమ్మల పండుగకు దగ్గరగా ఉంటుందని ఆ ఆదివారాన్ని ఎంచుకున్నారు. వాళ్లిద్దరూ మరియమాతను కన్న తల్లిదండ్రులు. అంటే యేసుప్రభువుకు అమ్మమ్మా, తాతయ్యా. బైబిలులో వాళ్ల పేర్లు లేవు. తొలినాటి క్రైస్తవుల సంప్రదాయమే ఆ పేర్లను మనదాకా తెచ్చింది. మన కథోలిక ఇళ్లలో అన్నమ్మ అన్న పేరు వీధికొకటి వినబడుతుంది. జ్వాకీము అన్న పేరు ఎప్పుడో గాని తగలదు.

ఇళ్లలో తాతయ్యలకు తరచూ జరిగేది ఇదే. ఒళ్లో కూర్చోబెట్టుకుని జపం నేర్పిన నాయనమ్మ అందరికీ గుర్తుంటుంది. ఆ ఇంటికి బియ్యం ఎక్కణ్నుంచి వచ్చాయో, ఆ బియ్యం కోసం ఎవరు ఎన్నిసార్లు తల వంచుకుని అప్పు అడిగారో గుర్తుపెట్టుకునేవాళ్లు తక్కువ. ఈ పండుగ పెట్టిన పోపుగారి ఇంట్లోనూ అంతే. ఆయన నాయనమ్మ రోసా గారి గురించి లోకమంతా విన్నది. తాతయ్య జొవాన్ని గారి గురించి మాత్రం అక్కడో మాట, ఇక్కడో మాట. ఆ మాటలన్నీ ఏరి ఈ పూట మీకు చెప్పాలని వచ్చాను. ఎందుకంటే ఆయన పుట్టిన గడ్డ వదిలి, సముద్రం దాటి, వెళ్లిన చోట సర్వం పోగొట్టుకుని, నలభై ఎనిమిదేళ్ల వయసులో మళ్లీ మొదటి మెట్టు మీద కాలు పెట్టిన మనిషి. ఒక వలసకుటుంబంలో విశ్వాసం ఏం పని చేస్తుందో తెలుసుకోవాలంటే ఆయన దగ్గరే మొదలుపెట్టాలని నా అభిప్రాయం.

పూర్తి పేరు జొవాన్ని ఆంజెలో బెర్గోలియో. 1884లో పుట్టారు. ఇటలీకి వాయవ్యాన, ఆల్ప్స్ పర్వతాల దిగువన పియెమోంతే అనే ప్రాంతం ఉంది. టూరిన్ దాని ముఖ్యపట్టణం. అక్కణ్నుంచి ఆస్టి పట్టణం వైపు వస్తే దారి పొడుగునా గుట్టలు, గుట్టల వాలున ద్రాక్షతోటలు. ఆ గుట్టల మధ్య పోర్తకొమారో అనే ఊరు బెర్గోలియోల సొంతూరు. సేద్యం చేసుకునే కుటుంబం. జొవాన్ని వయసులో ఉండగా పని వెతుక్కుంటూ టూరిన్ చేరారు. వలస అనగానే మనకు ఓడలు గుర్తొస్తాయి గాని, చాలామందికి మొదటి వలస పల్లె నుంచి పక్కనున్న పట్నానికే. రెండోసారి కదిలే ధైర్యం ఆ మొదటి కదలికలోనే పుడుతుంది.

టూరిన్‌లో పునీత తెరేజా దేవాలయంలో 1907లో ఆయనకూ రోసా మార్గెరీతా వస్సాల్లో గారికీ వివాహమైంది. ఇద్దరిదీ ఒకే ఈడు. మరుసటి ఏడు, 1908లో, కొడుకు పుట్టాడు. మారియో అని పేరు పెట్టుకున్నారు. ఒక్కగానొక్క కొడుకు. ఆ గుడిలోనే జ్ఞానస్నానం ఇప్పించారు. నూట ఏడేళ్ల తరవాత, 2015 జూన్‌లో, వాళ్ల మనవడు పోపు హోదాలో టూరిన్ వచ్చినప్పుడు తీరిక చేసుకుని ఆ గుడికి వెళ్లి ప్రార్థించారు. తాతా నాయనమ్మల పెళ్లి జరిగిన గుడి, తండ్రి తల మీద జ్ఞానస్నానపు నీళ్లు పడిన గుడి.

పెళ్లయిన ఎనిమిదేళ్లకు యుద్ధం వచ్చింది. ఇటలీ 1915 మే నెలలో మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగింది. ముప్పై దాటిన సంసారి జొవాన్ని కూడా సైన్యంలోకి వెళ్లక తప్పలేదు. ఆయన పోరాడింది పియావే నది దగ్గర. 1917 అక్టోబరులో కపొరెత్తో వద్ద ఇటలీ సైన్యం చెల్లాచెదురై, వెనక్కి తగ్గుతూ తగ్గుతూ వచ్చి పియావే నదిని అడ్డం పెట్టుకుని నిలబడింది. ఆ మరుసటి ఏడు అక్టోబరు చివరిదాకా ఆ ఒడ్డునే నిలబడింది. మొత్తం మీద ఆ యుద్ధంలో ఆరు లక్షలకు పైగా ఇటలీ సైనికులు పోయారు. జొవాన్ని బతికి ఇంటికొచ్చారు.

వచ్చినవాళ్లలో చాలామంది నోరు విప్పలేదు. ఏ దేశంలోనైనా యుద్ధం నుంచి వచ్చిన మగవాళ్ల తీరు అంతే. ఈయన మాత్రం మనవడికి చెప్పారు. మనవడు ఆ మాటలు విన్నది కందకాలు పూడిపోయిన ముప్పై ఏళ్లకు, సముద్రానికి అవతలి దేశంలో. ఆనాటి ఇటలీ సర్వసైన్యాధిపతి కదోర్నా సైనికుల ప్రాణాలను లెక్కచేయడని పేరు పడ్డవాడు. అతణ్ని ఎద్దేవా చేస్తూ సైనికులు పాడుకున్న పాట కూడా ఆ పిల్లవాడికి తాతయ్యే నేర్పారు. యుద్ధమంటే ఏమిటో తనకు తాత నోటివెంట తెలిసిందని ఫ్రాన్సిస్ గారు చాలాసార్లు చెప్పుకున్నారు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. 2014 సెప్టెంబరు 13న, ఆ యుద్ధం మొదలై నూరేళ్లయిన సందర్భంలో, ఆయన ఇటలీ ఈశాన్యపు కొసన ఉన్న రెదిపూల్యాకు వెళ్లారు. లక్ష మంది ఇటలీ సైనికులు అక్కడ విశ్రమిస్తున్నారు. కాని ఆయన నేరుగా అక్కడికి వెళ్లలేదు. దానికి దగ్గర్లోనే ఆస్ట్రియా, హంగరీ సైనికుల సమాధుల తోట ఒకటి ఉంది. ముందు ఆ తోటలోకి వెళ్లారు. తాతయ్య ఎవరి మీద పోరాడారో వాళ్ల సమాధుల మధ్య ఒంటరిగా నిలబడి ప్రార్థించి, ఆ తరవాతే తాతయ్య తోటి సైనికుల దగ్గరికి వచ్చారు. యుద్ధం పిచ్చితనం అని అక్కడి పూజలో చెప్పారు. ఆ మాట ఏ గ్రంథంలోంచో ఎత్తిచెప్పినట్టు నాకు అనిపించదు. తాతయ్య ఇంట్లోంచి వచ్చిన మాట అది.

యుద్ధం తరవాత కుటుంబం ఆస్టి పట్టణంలో స్థిరపడింది. అక్కడ వాళ్లకొక మిఠాయి, కాఫీ దుకాణం. వ్యాపారం బాగానే నడిచింది. మారియో చదువుకుని లెక్కల పనిలో నిలదొక్కుకుని, బాంకా దితాలియా వారి ఆస్టి శాఖలో ఉద్యోగం చేశాడు. రోసా గారు కథోలిక మహిళా సంఘాల్లో చురుగ్గా ఉండేవారు, సభల్లో మాట్లాడేవారు. అవి ముస్సోలినీ రోజులు. ఒకసారి ఆవిడ ప్రసంగించాల్సిన హాలుకు ఫాసిస్టులు తాళం వేస్తే, ఆవిడ వీధిలోనే బల్ల ఎక్కి మాట్లాడారని చెబుతారు. ఆ పరిపాలన భరించలేకే తండ్రి దేశం వదిలాడని పోపుగారి చెల్లెలు తరవాతి కాలంలో చెప్పారు. పోపుగారు చెప్పే కారణం ఇంకొకటి. తిండికి లేక కాదు, తోడబుట్టినవాళ్లు రమ్మంటే వెళ్లారని. రెండూ నిజమే కావచ్చు. ఇల్లు వదిలే మనిషికి ఒకే కారణం ఉంటుందా?

జొవాన్ని అన్నదమ్ములు ముగ్గురు 1922లోనే అర్జెంటీనా చేరుకున్నారు. బ్యూనస్ ఐరిస్‌కు ఎగువన, పరానా నది ఒడ్డునున్న పరానా పట్టణంలో రోడ్లు వేసే కంపెనీ పెట్టి బాగా సంపాదించారు. అక్కడ నాలుగంతస్తుల మేడ కట్టారు. ఆ ఊళ్లో లిఫ్టు ఉన్న మొట్టమొదటి ఇల్లు అదే. అంతస్తుకొక అన్నదమ్ముడి కుటుంబం. అంతా కలిసి ఉందాం రమ్మని వాళ్ల పిలుపు. మన ఉమ్మడి కుటుంబాలు ఎరిగినవాళ్లకు ఆ పిలుపులో ఉన్న లాగుడు వేరే చెప్పనక్కర్లేదు.

1927 అక్టోబరులో జెనోవా రేవు నుంచి బయల్దేరే ప్రిన్చిపెస్సా మఫాల్దా అనే ఓడలో వాళ్లు వెళ్లాల్సింది. ఒకప్పుడు ఇటలీ ఓడల్లోకెల్లా సొగసైనదని పేరు. దుకాణం అమ్మకం తెమలక ప్రయాణం ఆగిపోయింది. అక్టోబరు 25న బ్రెజిల్ తీరానికి దగ్గర్లో ఆ ఓడ చోదకచక్రం ఇరుసు విరిగి, ఆ కంతలోంచి నీళ్లు లోపలికి వచ్చి, సముద్రంలో మునిగిపోయింది. మూడు వందల మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది కూలిపని వెతుక్కుంటూ బయల్దేరిన పేదలే. ఆ అమ్మకం అనుకున్న వేళకు కుదిరి ఉంటే అన్న ఆలోచన ఆ ఇంట్లో తరతరాలుగా ఉండిపోయింది. మనవడు తన జీవితకథను ఆ ఓడ మునకతోనే మొదలుపెట్టారు.

చివరికి 1929 ఫిబ్రవరి 1న జూలియో చేజరే అనే మరో ఓడ ఎక్కి, ఫిబ్రవరి 15న బ్యూనస్ ఐరిస్‌లో దిగారు. భూమధ్యరేఖకు దిగువన ఫిబ్రవరి అంటే మండువేసవి. రోసా గారు మాత్రం నక్కతోలు పట్టీ ఉన్న చలికోటు విప్పకుండా, చెమటలు కక్కుకుంటూ ఓడ దిగారు. ఆస్టిలో దుకాణం అమ్మిన డబ్బంతా ఆ కోటు అస్తరులో కుట్టి ఉంది. మన శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి రంగూన్ ఓడలెక్కిన కుటుంబాలవాళ్లు ఈ కథ వింటే చిన్నగా నవ్వుకుంటారు. తిరుగు ప్రయాణంలో ఆడవాళ్లు కొంగున ముడివేసి, మగవాళ్లు బొడ్లో దోపుకుని తెచ్చిన డబ్బు కథలు ఆ ఇళ్లలోనూ ఉంటాయి.

ఈ కోటు కథ ప్రపంచమంతా పాకింది. చిత్రకారుడికి బొమ్మ గీయడానికి వీలైన కథ. అసలైన పరీక్ష మాత్రం ఆ తరవాత వచ్చింది. దాని గురించి చెప్పేవాళ్లు తొందరగా దాటేస్తారు. నేను కాసేపు అక్కడ ఆగుతాను.

వాళ్లు దిగిన ఎనిమిది నెలలకు అమెరికాలో షేర్ మార్కెట్టు కుప్పకూలింది. అర్జెంటీనా బతికేది గోధుమలు, గొడ్డుమాంసం విదేశాలకు అమ్ముకుని. కొనేవాడు లేక ధరలు పడిపోయాయి. 1930 సెప్టెంబరులో సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసింది. ఖజానా వట్టిపోయిన చోట రోడ్లు వేయించేదెవరు? 1932కి అన్నదమ్ముల కంపెనీ దివాలా తీసింది. నాలుగంతస్తుల మేడ పోయింది. చివరికి కుటుంబమంతటికీ అని కట్టించుకున్న సమాధిని కూడా అమ్ముకున్నారు.

సమాధి అమ్ముకోవడం అంటే ఏమిటో ఆలోచించండి. వలస వెళ్లినవాడు అక్కడ ఇల్లు కట్టుకున్నా మనసులో ఇంకా ప్రయాణికుడే. ఇక్కడే కన్ను మూస్తాను, ఇక్కడి మట్టిలోనే కలుస్తాను అనుకున్నప్పుడే ఆ ఊరు తనదవుతుంది. కథోలికుడికైతే అది మరీ పెద్ద సంగతి. అంత్యదినాన దేహం లేస్తుందని నమ్మేవాడు ఆ దేహాన్ని ఎక్కడ పెట్టాలో ముందే చూసుకుంటాడు. ఆ చోటు కూడా అమ్ముకోవలసి వచ్చిందంటే, ఆ దేశం వాళ్ల చేతికిచ్చిన ప్రతిదీ వెనక్కి లాక్కుందన్నమాట. అన్నదమ్ముల్లో కంపెనీ అధ్యక్షుడిగా ఉన్నాయన అప్పటికే క్యాన్సరుతో పోయారు. ఒకాయన మళ్లీ పుంజుకుని బాగుపడ్డారు. అందరికన్నా చిన్నాయన బ్రెజిల్ వెళ్లిపోయారు. నాలుగు అంతస్తుల్లో కలిసి బతకడానికి వచ్చినవాళ్లు నాలుగు దిక్కులయ్యారు. జొవాన్ని భార్యాబిడ్డలతో బ్యూనస్ ఐరిస్ చేరారు. చేతిలో ఏమీ లేదు.

అప్పుడు వాళ్లు ఎవరి దగ్గరికి వెళ్లారన్నదే నాకు ఈ కథలో అన్నిటికంటే ముఖ్యం. ఒక గురువు దగ్గరికి వెళ్లారు. ఆయన పేరు ఎన్రికో పొజ్జోలి. డాన్ బోస్కో స్థాపించిన సలేషియన్ సభ గురువు, తానూ ఇటలీ నుంచి వచ్చినవారే. మారియో కంపెనీ పని మీద రాజధానికి వచ్చినప్పుడల్లా సలేషియన్ల ఇంట్లోనే దిగేవాడు. అక్కడే పరిచయమై ఫాదర్ పొజ్జోలి అతని పాపసంకీర్తన వినే గురువయ్యారు. కుటుంబం వీధిన పడ్డప్పుడు ఆ ఫాదర్ గారే తనకు తెలిసిన ఒకరితో మాట్లాడి రెండు వేల పెసోలు అప్పు ఇప్పించారు. ఆ రెండు వేలతో జొవాన్ని, రోసా ఒక కిరాణా కొట్టు కొనుక్కున్నారు. బ్యాంకులో లెక్కలు చూసిన కొడుకు బుట్ట పట్టుకుని ఇంటింటికీ సరుకులు చేరవేశాడు, వేరే ఉద్యోగం దొరికేదాకా.

జొవాన్నికి అప్పటికి నలభై ఎనిమిదేళ్లు. ఆస్టిలో సొంత దుకాణం నడిపి, పరానాలో మేడలో కాపురముండి, ఇప్పుడు అప్పు డబ్బుతో కొన్న కొట్టులో తూకం వేస్తూ నిలబడ్డ మనిషి. మా కుటుంబం ఎంత మామూలుగా ఆ దేశానికి వచ్చిందో అంతే మామూలుగా మళ్లీ మొదలుపెట్టింది అని మనవడు ఒకచోట చెప్పారు. ఆ మామూలుతనం వెనక ఏముందో నాకు తెలుసుననుకుంటాను. మన పల్లెల్లో కూడా పంట పోయిన ఏడు, పిల్లవాడి ఫీజు కట్టలేని ఏడు, కథోలిక రైతులూ కూలీలూ విచారణ గురువుల ఇంటి అరుగెక్కారు. అక్కడ ఉత్తరం రాసిపెట్టేవారు, బోర్డింగులో సీటు ఇప్పించేవారు, ఆసుపత్రికి చీటీ ఇచ్చేవారు. మతం అంటే ఆదివారం పూజ ఒక్కటే అనుకునేవారికి ఇది అర్థం కాదు. ఆపద వేళ ఎవరి గడప తొక్కవచ్చో తెలిసి ఉండటం కూడా విశ్వాసంలో భాగమే.

ఆ గడప ఊరికే ఏర్పడలేదు. డాన్ బోస్కో పుట్టింది ఆస్టి ప్రాంతంలోని కస్తెల్నువోవో అనే పల్లెలో, జొవాన్ని సొంతూరికి ఎంతో దూరం లేదు. టూరిన్ వీధుల్లో పనికోసం తిరిగే దిక్కులేని కుర్రాళ్లను చేరదీయడంతో ఆయన సేవ మొదలైంది. 1875 నవంబరులో ఆయన తన సభ నుంచి దూరదేశానికి పంపిన మొట్టమొదటి బృందం వెళ్లింది అర్జెంటీనాకే. బ్యూనస్ ఐరిస్‌లో దిగిన ఇటలీ వలసజనానికి వాళ్ల మాటలోనే పూజలు చేసి, పిల్లలకు చదువూ చేతిపనులూ నేర్పారు. 1914 జనాభా లెక్కల్లో అర్జెంటీనాలో ప్రతి పదిమందిలో ముగ్గురు వేరే దేశంలో పుట్టినవాళ్లు. అంత జనప్రవాహంలో సొంత యాస మాట్లాడే గురువు ఒకరు దొరకడం వలసవాడికి ఎంత ఊరట! గుణదల కొండ మీద 1924లో మాత స్వరూపం ప్రతిష్ఠించిన ఫాదర్ ఆర్లాటి కూడా ఇటలీవారే. ఆయన వచ్చింది మనకోసం. పొజ్జోలి గారు వెళ్లింది అక్కడి తన జనం కోసం కూడా.

ఆ గురువు దగ్గరి రాకపోకల వల్లే తరవాతి కథంతా నడిచింది. 1934లో అల్మాగ్రో పేటలోని సలేషియన్ ప్రార్థనామందిరంలో పూజకు వెళ్లిన మారియోకు రెహీనా సీవోరి అనే అమ్మాయి పరిచయమైంది. 1935 డిసెంబరు 12న పెళ్లి. 1936 డిసెంబరు 17న మొదటి కొడుకు, హోర్హే. తరవాతి కాలంలో పోపు ఫ్రాన్సిస్ అయింది ఆయనే. క్రిస్మస్ నాడు ఆ బిడ్డకు జ్ఞానస్నానం ఇచ్చింది ఫాదర్ పొజ్జోలి గారే. నాయనమ్మ రోసా జ్ఞానతల్లి. పందొమ్మిదేళ్ల తరవాత ఆ కుర్రవాడు గురువునవుతానంటే తల్లి కలతపడింది. ఆ దంపతుల పెళ్లిరోజున పూజ ముగించి, వాళ్లతో కూర్చుని నచ్చజెప్పింది కూడా పొజ్జోలి గారే. రెండు వేల పెసోల అప్పు తీరిపోయి ఉంటుంది. ఆ పరిచయపు రుణం మాత్రం తీరేది కాదు.

హోర్హేకు పదమూడు నెలలప్పుడు తమ్ముడు పుట్టాడు. చంటిబిడ్డతో తల్లికి తీరిక లేక, దగ్గర్లోనే ఉన్న నాయనమ్మ పొద్దున్నే వచ్చి పెద్దవాణ్ని తమ ఇంటికి తీసుకుపోయి సాయంత్రం దిగబెట్టేది. తాతా నాయనమ్మలు తమలో తాము పియెమోంతే మాటే మాట్లాడుకునేవారు. పిల్లవాడికి అదే అబ్బింది. తండ్రి మారియో ఇంట్లో పాతూరి ఊసు ఎత్తేవాడు కాదు, స్పానిష్‌లోనే మాట్లాడేవాడు. కొత్త దేశంలో కాలు నిలదొక్కుకోవాల్సిన తరం అలాగే ఉంటుంది. వెనక్కి తిరిగి చూస్తే నడక తడబడుతుంది. అమెరికాలో ఉన్న మన పిల్లల ఇళ్లలోనూ ఇది చూస్తున్నాం. మనవడికి పాతూరు అందేది తాతల దగ్గరే. అయిదుగురు పిల్లల్లో తనకొక్కడికే తాతయ్య జ్ఞాపకాలను వాళ్ల మాటలోనే వినే భాగ్యం దక్కిందని హోర్హే పెద్దయ్యాక చెప్పుకున్నారు. నీనో కోస్తా అనే కవి పొట్టకూటికి దేశాలు పట్టిన పియెమోంతే జనం మీద రాసిన పద్యం ఆయనకు కంఠతా వచ్చేది. 2015లో టూరిన్ చౌకులో వేలమంది ముందు దాన్ని తలచుకున్నారు.

రేడియోలో మాట్లాడుతున్నాను కాబట్టి ఒక మాట. ఆ ఇంట్లో శనివారం మధ్యాహ్నం రెండు గంటలకు తల్లి రెహీనా పెద్ద పిల్లలు ముగ్గుర్నీ చుట్టూ కూర్చోబెట్టుకుని ప్రభుత్వ రేడియోలో వచ్చే ఇటలీ సంగీతనాటకాలు వినిపించేది. మొదలవడానికి ముందే కథంతా చెప్పేది. వలసవచ్చిన ఇంటికి రేడియో ఏమిచ్చిందో ఆ శనివారాల్లో ఉంది.

రోసా గారి భక్తి గురించి ఫ్రాన్సిస్ గారు చెప్పినవి చాలామంది వినే ఉంటారు. పవిత్ర శుక్రవారం సాయంత్రం కొవ్వొత్తుల ఊరేగింపులో మృత క్రీస్తు స్వరూపం ఎదురుకాగానే మనవల్ని మోకరిల్లజేసి, ఇప్పుడు చనిపోయి ఉన్నాడు, రేపు లేస్తాడు అని చెప్పేదావిడ. మనవడి గురుపట్టాభిషేకం నాటికి ఒక ఉత్తరం రాసి ఉంచింది. కష్టం వచ్చిన రోజున దివ్యసత్ప్రసాదపు మందసం ముందు ఒక్క నిట్టూర్పు, సిలువ కింద నిలబడ్డ మరియమాత వైపు ఒక్క చూపు ఎంత లోతైన గాయానికైనా మందవుతాయని అందులో రాసింది. పోపు అయ్యాక కూడా ఆ కాగితం ఆయన ప్రార్థనపుస్తకంలోనే ఉండేది. ఆ పట్టాభిషేకం 1969 డిసెంబరులో జరిగింది. జొవాన్ని గారు దాన్ని చూడలేదు. ఆయన 1964లోనే కన్నుమూశారు. రోసా గారు మరో పదేళ్లు బతికారు. ఉత్తరం రాయడానికి ఆవిడకు సమయం దొరికింది. ఆయనకు దొరకలేదు. అందుకే ఆయన గురించి మనకు తక్కువ తెలుసు.

అయినా మనవడు చేసిన పనులు చూస్తే తాతయ్య కనబడతారు. పోపుగా ఎన్నికైన నాలుగు నెలలకు, 2013 జూలై 8న, ఫ్రాన్సిస్ గారు రోము దాటి చేసిన మొదటి ప్రయాణం లాంపెదూసా ద్వీపానికి. ఆఫ్రికా నుంచి చిన్న పడవల్లో వస్తూ మునిగిపోయినవాళ్ల కోసం సముద్రంలో పూలదండ వదిలారు. అలాంటి పడవ చెక్కలతో చేసిన బల్ల మీదే పూజ చేశారు. మఫాల్దా ఓడ కథ వింటూ పెరిగినవాడికి ఎవరి సలహా కావాలి? మన తెలుగు నేల నుంచి మొదటిసారిగా ఒక కార్డినలును, దళిత బిడ్డ అయిన ఆంథోని పూల గారిని, 2022లో ఎంచుకున్నది కూడా ఆయనే. పెద్దింటి వారసత్వం లేనివాళ్లను వెతికి చూసే కన్ను అప్పు చేసి పెట్టిన కొట్టు నుంచి వచ్చిందంటే నేను నమ్ముతాను.

ఆ ఏడే నవంబరులో ఆస్టికి వెళ్లారు. దగ్గరి బంధువైన ఒక వృద్ధురాలి తొంభయ్యో పుట్టినరోజుకు. తండ్రి ఈ నేల నుంచే వలస వెళ్లాడు, వేళ్ల రుచి మళ్లీ చూద్దామని వచ్చానని అక్కడి పూజలో చెప్పారు. 2025 ఏప్రిల్ 21న ఆయన కన్నుమూసినప్పుడు రోములోని మేరీ మేజర్ మహాదేవాలయంలో ఖననం చేశారు. సమాధికి ఇటలీలోని లిగూరియా రాయి వాడారు. రోసా గారు పుట్టిన ప్రాంతం, అమ్మ వైపు పెద్దలదీ ఆ ప్రాంతమే. సమాధి మీద లాటిన్‌లో పేరు ఒక్కటే చెక్కించమన్నారు. 1932లో కుటుంబ సమాధిని అమ్ముకున్న ఇంటి బిడ్డ తన సమాధి గురించి అంత వివరంగా రాసిపెట్టుకోవడం నాకు ఆశ్చర్యంగా లేదు.

ఫ్రాన్సిస్ గారి చరిత్రలు ఎన్నో వచ్చాయి, ఇంకా వస్తాయి. తెలుగులోనూ రావాలి. దాదాపు అన్నీ ఓడతో మొదలవుతాయి, లేదా కోటుతో. తెలుగులో రాయబోయేవారు ఎవరైనా ఈ ప్రసంగం వింటూ ఉంటే వారికి ఒక మనవి. ఓడ కథ ఉంచండి, కోటు కథా ఉంచండి. కాని మొదటి అధ్యాయం 1932లో బ్యూనస్ ఐరిస్‌లోని ఆ కిరాణా కొట్టు దగ్గర తెరవండి. అందులో జొవాన్ని గారి పేరు రోసా గారి పేరంత పెద్దగా, ఫాదర్ పొజ్జోలి గారి పేరు వాళ్లిద్దరి పక్కన రాయండి.